వాయిదాకైనా తేదీ ఉంటుంది

మొన్న మా కాలేజీ జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు ఢిల్లీలో జడ్జీల నియామకాలు చూసే ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేశావట కదా. నేనూ అప్లై చేద్దామనుకుంటున్నా. అక్కడ ఏం నేర్చుకోవచ్చు?" అని అడిగింది. నేనప్పుడు నేలపాడులో హైకోర్టు బయట నిలబడి ఉన్నాను. చంకలో కేసు కట్ట, చేతిలో టీ, లోపల మా సీనియర్ కేసు ఏ నిమిషాన పిలుస్తారో తెలియని టెన్షన్. "తీసివేతలు నేర్చుకోవచ్చు" అని చెప్పి పెట్టేశాను.

జోక్ చేశాననుకుంది పాపం. ఆ నాలుగు వారాల్లో నేను ఎక్కువగా చేసిన పని నిజంగానే తీసివేతలు. మంజూరైన పోస్టులు ఇన్ని, పనిచేస్తున్న జడ్జీలు ఇందరు, తీసేస్తే ఖాళీలు ఇన్ని. 25 హైకోర్టులకు 25 వరసలు. అలహాబాద్‌కు 160 పోస్టులు, సిక్కింకు 3. ప్రతి నెలా ఒకటో తారీఖు నాటికి లెక్క తేలాలి. ఒకరు రిటైరవుతారు, ఇంకొకరు సుప్రీంకోర్టుకు వెళ్తారు, మరొకరిని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి బదిలీ చేస్తారు, అప్పుడు రెండు వరసల్లోనూ అంకె మార్చాలి. హైకోర్టు జడ్జీల నియామకం గురించిన రాజ్యాంగం 217వ అధికరణ మీద పాతిక పేజీల ప్రాజెక్టు రాసి వెళ్లిన దాన్ని, అక్కడ కూర్చుని మూడో తరగతి లెక్కలు చేశాను.

సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ అమ్మాయి ప్రశ్న వదల్లేదు. నాలుగు వారాలు నన్ను ఏదో చేశాయి, లేకపోతే జడ్జీల నియామకం గురించి నా అభిప్రాయం అంతలా ఎందుకు మారుతుంది? అదేదో ఫోన్లో చెప్పలేను. ఇక్కడ రాస్తున్నాను.

అది 2022 డిసెంబరు. ఆఫీసు పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. చేరిన రోజే ఇక్కడ చూసింది బయట చెప్పనని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ మాట తప్పే ఉద్దేశం లేదు. తప్పడానికి నా దగ్గర సరుకూ లేదు. పేర్లున్న ఫైళ్లు పక్క గదిలో ఉండేవి, ఆ గది గడప నేను ఒక్కసారి కూడా దాటలేదు. నా చోటు రెండు బీరువాల మధ్య ఒక బల్ల.

బయట మాత్రం అగ్గి రాజుకుంటోంది. నేను చేరడానికి కొద్ది రోజుల ముందే అప్పటి ఉపరాష్ట్రపతి రాజ్యసభలో ఎన్‌జేఏసీ (జడ్జీల ఎంపిక కోసం చట్టంతో పెట్టిన జాతీయ కమిషన్)ని సుప్రీంకోర్టు కొట్టేయడాన్ని తప్పుపట్టారు. ఆ తర్వాత రెండు రోజులకే, 2018 డిసెంబరు 12 నాటి కొలీజియం (కొత్త జడ్జీల పేర్లు సూచించే సీనియర్ జడ్జీల బృందం) సమావేశం వివరాలు ఇవ్వాలన్న ఆర్టీఐ పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. పేపరు తీస్తే అదే, టీవీ పెడితే అదే. యుద్ధభూమి నడిబొడ్డున నాకు కుర్చీ దొరికిందని పొంగిపోతూ వెళ్లాను. లోపల యుద్ధం లేదు. ఒక రూమ్ హీటర్ ఉంది, దాని చుట్టూ నలుగురు మనుషులున్నారు.

ట్రోఫీ తెచ్చిన వాదన

నేను వెళ్లేటప్పటికి నాకో గట్టి అభిప్రాయం ఉంది. కాలేజీ డిబేట్లలో "కొలీజియం కావాలా, కమిషన్ కావాలా" అన్న అంశం వస్తే నేను కమిషన్ వైపు. జడ్జీలను జడ్జీలే ఎంచుకోవడమేంటి అని బల్ల గుద్దేదాన్ని. కమిషన్‌ను కొట్టేసిన 2015 అక్టోబరు 16 తీర్పులో నలుగురు ఒకవైపు, జస్టిస్ చలమేశ్వర్ ఒక్కరే ఇంకోవైపు. ఆయన అసమ్మతి తీర్పులో ఒక మాట నాకు నోటికి వచ్చు: కొలీజియం రికార్డులు ప్రధాన న్యాయమూర్తి అయ్యే అదృష్టం లేని తోటి జడ్జీలకు కూడా అందవని రాశారాయన. ఆ వాక్యం చదివి వినిపిస్తే చాలు, సగం మార్కులు వచ్చేసేవి. మా నాన్నకైతే ఆయనంటే ఇంకో రకం అభిమానం. ఆయనది పెదముత్తేవి, కృష్ణ అవతలి ఒడ్డు. మాది తెనాలి. "మనవాడే" అనేవాడు నాన్న.

మా నాన్న వకీలు గుమాస్తా. ముప్పై ఏళ్లకు పైగా ఒకే వకీలు దగ్గర పని. దావాలు దాఖలు చేయడం, నకళ్లకు అర్జీ పెట్టడం, బెంచ్ క్లర్కు దగ్గర నిలబడి వాయిదా రాసుకోవడం, పార్టీలకు, అంటే కక్షిదారులకు, ఫోన్ చేసి చెప్పడం. న్యాయవ్యవస్థ గురించి నాకు పుస్తకాలు చెప్పింది ఒక ఎత్తయితే, ఆయన అన్నం తింటూ చెప్పినవి ఇంకో ఎత్తు. ఈ వ్యాసంలో ఆయన మళ్లీ వస్తాడు.

ఎవరు నియమించాలి అన్నదే అసలు ప్రశ్న అనుకుంటూ ఢిల్లీ వెళ్లాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. కొలీజియం వైపు తిరిగానా అంటే అదీ కాదు. ఆ ప్రశ్న చిన్నదనిపించింది, అంతే. అసలు అధికారం ఫైలు ఆపగలిగినవాడిది, ఎందుకు ఆపాడో ఎక్కడా రాయనక్కర్లేనివాడిది. కమిషన్ వచ్చి ఉన్నా ఇది మారేదని నాకిప్పుడు నమ్మకం లేదు. ఆ చట్టంలో కమిషన్‌కు కన్వీనర్‌గా పెట్టింది కేంద్ర ప్రభుత్వ న్యాయ విభాగం కార్యదర్శినే. కమిషన్‌లోని ఆరుగురు పెద్దలు ఏ హాల్లో కూర్చున్నా, కాగితం మాత్రం ఏదో ఒక హీటర్ పక్కనున్న బల్ల మీదుగానే వెళ్లాలి.

అండర్ ప్రాసెస్

రెండో వారంలో ఒక మధ్యాహ్నం. ఢిల్లీ చలికాలంలో భోజనం తర్వాత ఆఫీసులన్నీ ఎండలోకి తరలిపోతాయి. పచ్చిక మీద కూర్చుని నారింజలు ఒలుచుకుంటారు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ల్యాండ్‌లైన్ మోగింది. రెండుసార్లు వదిలేశాను. మూడోసారి ఎత్తాను.

అవతల ఒక పెద్దాయన, హిందీలో. ఫలానా హైకోర్టులో ఫలానా వకీలు సాబ్ దగ్గర మున్షీనని చెప్పుకున్నాడు. వాళ్ల సాబ్ పేరు వెళ్లి చాలా కాలమైందట. ఏమైనా కదిలిందా అని. మున్షీ అంటే మన వైపు గుమాస్తాయే. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతు. నకళ్ల సెక్షన్ కిటికీ దగ్గర మా నాన్న "కాపీ వచ్చిందా సార్" అని అడిగేటప్పుడు సరిగ్గా అదే గొంతు. విసిగించకూడదు, కానీ అడక్కుండా వెళ్లకూడదు.

ఇలాంటి ఫోన్లకు ఏం చెప్పాలో నాకు ముందే చెప్పారు. "అండర్ ప్రాసెస్ హై, జీ" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "బేటీ, పోయినసారి కూడా ఇదే చెప్పారు" అన్నాడు. కోపంగా కాదు. నాకు గుర్తుందో లేదో కనుక్కుంటున్నట్టు. నేను ఇంకోసారి అదే మాట చెప్పి పెట్టేశాను.

నిజానికి నాకు ఏమీ తెలియదు. ఆ పేరు ఏ దశలో ఉందో, అసలు ఉందో లేదో కూడా. కానీ తెలిసినవాళ్లు ఎత్తినా ఇదే జవాబు చెప్పేవారు. ఆ రోజు నుంచి నాకు గుచ్చుకున్నది అదే. తెలిసినవాడి జవాబూ, తెలియని ఇంటర్న్ జవాబూ ఒకటే!

పార్లమెంటు శీతాకాల సమావేశాలు నడుస్తున్నాయి. పాత జవాబుల ఫోల్డర్లోంచి అంకెలు తీసి పట్టిక వేసే పని కూడా నాకు పడింది. ప్రశ్నలు వేసే సభ్యులు మారారు, పార్టీలు మారాయి, ఖాళీల సంఖ్య మారింది. జవాబులో ఒక వాక్యం మాత్రం ఏళ్ల తరబడి మారలేదు. హైకోర్టుల్లో ఖాళీల భర్తీ అనేది కార్యనిర్వాహక వర్గానికీ న్యాయవ్యవస్థకూ మధ్య నిరంతరంగా, సమీకృతంగా, పరస్పర సహకారంతో సాగే ప్రక్రియ అని. దాని వెనకే ఇంకోటి: ఖాళీలు త్వరగా నింపడానికి అన్ని ప్రయత్నాలూ చేస్తున్నా పదవీ విరమణలు, రాజీనామాలు, పదోన్నతుల వల్ల కొత్త ఖాళీలు వస్తూనే ఉంటాయని. రెండూ నిజాలే. అందులో ఒక్క అబద్ధం లేదు. ఎన్ని పేర్లు ఎంతకాలంగా ఆగి ఉన్నాయన్న ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు. "ఎన్ని" చెప్తారు. "ఎంతకాలంగా" అన్న గడే ఆ పట్టికలో లేదు.

ఆ సాయంత్రం నాన్నతో ఫోన్లో ఈ మాట చెప్పాను, పేర్లూ ఊళ్లూ లేకుండా. ఆయన కాసేపు ఊరుకుని, "మన కోర్టులో కేసు ఇరవై ఏళ్లు నడిచినా ప్రతిసారీ వాయిదాకి తేదీ అయితే ఇస్తారు కదే. పార్టీకి ఏదో ఒకటి చెప్పి పంపుతాం. మీ దగ్గర అదీ లేదా?" అన్నాడు. "మీ దగ్గర" అన్నాడు, అప్పటికే నేను ప్రభుత్వం అయిపోయినట్టు.

తిప్పి పంపితే చిక్కు

ఈ మౌనం సోమరితనం వల్ల వచ్చిందని మొదట్లో అనుకున్నాను. అక్కడ పనిచేసేవాళ్లు సోమరులు కారు. రాత్రి ఏడున్నరకు కూడా లైట్లు వెలిగేవి. మరి ఎందుకు ఆగుతాయి?

కాగితం మీద గడువులున్నాయి. ఎంఓపీ (జడ్జీల నియామకాల విధివిధానాల పత్రం) ప్రకారం ఖాళీ రావడానికి ఆరు నెలల ముందే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పేర్లు పంపాలి. రాష్ట్ర ప్రభుత్వం ఆరు వారాల్లో చెప్పకపోతే అభ్యంతరం లేదని అనుకోవచ్చు. 2021 ఏప్రిల్లో సుప్రీంకోర్టు ఇంకొంచెం బిగించింది: ఐబీ (కేంద్ర నిఘా సంస్థ) నివేదికకు నాలుగు నుంచి ఆరు వారాలు, అది వచ్చాక కేంద్రానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, అభ్యంతరం ఉంటే కారణాలు రాసి వెనక్కి పంపవచ్చు, కొలీజియం అదే పేరును ఏకగ్రీవంగా మళ్లీ చెబితే మూడు నాలుగు వారాల్లో నియామకం అయిపోవాలి.

ఇక్కడే ఉంది కిటుకు. తిప్పి పంపితే కారణం రాయాలి. కారణం రాస్తే దానికి జవాబు వస్తుంది. పేరు మళ్లీ వస్తే కాదనడానికి దారి ఉండదు. పంపకుండా ఊరుకుంటే ఇవేవీ లేవు. రాజ్యాంగం ప్రభుత్వానికి వీటో ఇవ్వలేదు, నియామకాల్లో జడ్జీల మాటే పైచేయి అన్న 1993 తీర్పు అసలే ఇవ్వలేదు. బల్ల ఇచ్చింది.

నేను ఇంటికొచ్చి సంక్రాంతి అరిసెలు ఇంకా అయిపోకముందే ఇది కళ్లముందు జరిగింది. 2023 జనవరిలో కొలీజియం, ప్రభుత్వ అభ్యంతరాలను తీర్మానాల్లో రాసి వెబ్‌సైట్లో పెట్టేసింది. సౌరభ్ కిర్పాల్ పేరు ఢిల్లీ హైకోర్టు నుంచి వెళ్లింది 2017లో. ఆయన స్వలింగ సంపర్కుడని, భాగస్వామి స్విస్ జాతీయుడని ఆపుతున్నట్టు జనానికి తెలిసింది అన్నేళ్ల తర్వాత. ఆ కారణం బయటికి రాగానే దాని బలం ఎంతో అందరూ చూశారు, వాదించుకున్నారు. నేను అనేది అదే. రాసిన కారణంతో గొడవ పడొచ్చు. రాయని దానితో ఏం చేస్తాం?

అదే నెలలో ఇంకో సంగతి. జనవరి 17న మద్రాస్ హైకోర్టు కోసం కొలీజియం కొన్ని పేర్లు ప్రభుత్వానికి పంపింది. వాటిలో ఒక న్యాయవాది పేరు ఫిబ్రవరి 6కల్లా నోటిఫై అయిపోయింది, మర్నాడు ప్రమాణ స్వీకారం. ఆ ఉదయం సుప్రీంకోర్టులో ఆమె నియామకం మీద విచారణ నడుస్తుండగానే. చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే జనవరి 17న, అదే హైకోర్టుకు, జాన్ సత్యన్ పేరును కొలీజియం రెండోసారి చెప్పింది. మొదటిసారి చెప్పింది 2022 ఫిబ్రవరిలో. ఆయన పేరు ఆ లిస్టుతో రాలేదు. మార్చిలో కొలీజియమే దీని మీద ఆందోళన రాసుకుంది. ఒకరికి ఇరవై రోజులు పట్టింది కాబట్టి, యంత్రాంగం మెల్లగా తిరుగుతుంది, ఏం చేస్తాం అన్న మాట చెల్లదు. కావాలనుకుంటే తిరుగుతుంది.

ఒకే లిస్టులోంచి కొందరిని ముందు, కొందరిని వెనక తీసుకుంటే వెనకపడ్డవాళ్ల సీనియారిటీ పోతుంది. ప్రధాన న్యాయమూర్తి పదవి, సుప్రీంకోర్టు అవకాశం, అన్నీ ఆ సీనియారిటీని పట్టుకునే నడుస్తాయి. కర్ణాటకలో సీనియర్ న్యాయవాది ఆదిత్య సోంధీ ఒక ఏడాది చూసి, పేరు రెండోసారి చెప్పాక కూడా చూసి, 2022 ఫిబ్రవరిలో జడ్జి అవడానికి ఇచ్చిన సమ్మతి వెనక్కి తీసుకున్నారు. పేరు వెళ్లిన వకీలు పరిస్థితి మా నాన్నకు బాగా తెలుసు. ఆయన స్నేహితుడొకాయన హైదరాబాద్‌లో గుమాస్తాగా ఉన్నప్పుడు వాళ్ల సీనియర్ పేరు వెళ్లిందట. వారం తిరక్కుండా పార్టీలకు తెలిసిపోయింది. రేపో మాపో జడ్జి అయ్యే ఆయనకు కొత్త కేసు ఎవరిస్తారు? ఉన్న కట్టలు కూడా కొందరు పట్టుకుపోయారు. జూనియర్లు వేరే ఆఫీసులు వెతుక్కున్నారు. కూతురి పెళ్లి శుభలేఖలో తన పేరు కింద ఏం వేయించాలో తేల్చుకోలేక ఆయన అచ్చు ఆపించారట. పేరు రాలేదు. చివరికి "అడ్వకేట్" అనే వేయించారు. ఇందులో ఎవరి తప్పూ రుజువు కాదు, ఏ రికార్డులోనూ ఉండదు.

అవతలి పక్షం

ఇదంతా చదివి ప్రభుత్వాన్నే తిడుతున్నాననుకుంటే పొరపాటు. నా పట్టికే నన్ను అలా తిట్టనివ్వదు. ఆ డిసెంబరులో హైకోర్టులన్నీ కలిపి 1108 పోస్టులుంటే సుమారు 330 ఖాళీ. వాటిలో సగానికి పైగా ఖాళీలకు హైకోర్టుల నుంచి అసలు పేర్లే రాలేదు. ఆరు నెలల ముందు పంపాలన్న నియమం పెట్టుకున్నవాళ్లే పాటించలేదు. ఎందుకు పంపలేదని వాళ్లనూ ఎవరూ అడగరు. అడిగినా అదే నిరంతర, సమీకృత ప్రక్రియ. సుప్రీంకోర్టు కొలీజియం కూడా కొన్ని పేర్లను "తర్వాత చూద్దాం" అని పక్కన పెడుతుంది, ఆ తర్వాత ఎప్పుడో చెప్పదు. ఈ ఆలస్యాల మీద బెంగళూరు న్యాయవాదుల సంఘం వేసిన కేసు సంగతి ఇంకా విచిత్రం. ఆ కేసు వింటున్న సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కౌల్ రిటైరయ్యే ముందు, 2023 డిసెంబరులో, అది ఆయన బెంచి జాబితాలోంచి తప్పిపోయింది. తాను తీసేయలేదని, కొన్ని మాటలు చెప్పకపోవడమే మేలని ఆయన కోర్టులోనే అన్నారు. ఆలస్యం మీద కేసుకే ఆ గతి పట్టింది!

తీసివేతల లెక్క కూడా మోసం చేస్తుందని చెప్పాలి. 2021లో తెలంగాణ హైకోర్టు పోస్టులు 24 నుంచి 42 అయ్యాయి. ఒక్క జడ్జి కూడా తగ్గకుండానే, ఒక్క రాత్రిలో ఖాళీలు 18 పెరిగాయి. పేపరు వాడికి అది హెడ్డింగు.

నా పరిష్కారం చాలా చిన్నది, చెప్పడానికి మొహమాటంగా ఉంటుంది కూడా. తేదీలు బయటపెట్టండి. కారణాలు వద్దు, తేదీలు చాలు. ఈ-కోర్టుల యాప్‌లో తెనాలి మున్సిఫ్ కోర్టు దావాకు కూడా సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. ఏ రోజు ఏమైందో, మళ్లీ ఎప్పుడో కనిపిస్తుంది. కొలీజియం తీర్మానాలు 2017 అక్టోబరు నుంచి వెబ్‌సైట్లో ఉన్నాయి కాబట్టి ఆ దశ దాటిన పేర్లు ఎలాగూ రహస్యం కాదు. ఏ పేరు ఏ తేదీన ఏ బల్ల మీదకు చేరిందో పక్కన రాయడానికి అడ్డేంటి? అంతకుముందు దశలో పేర్లు లేకుండా అంకెలే పెట్టొచ్చు.

ఈ ఐడియా అప్పుడే ఒకరికి చెప్పాను. ఆ ఆఫీసులో మన తెలుగాయన ఒకరు ఉండేవారు, ఉత్తరాంధ్ర మనిషి. శనివారాలు నన్ను ఆంధ్రభవన్‌కు భోజనానికి తీసుకెళ్లేవారు. క్యూలో నిలబడి ఇదంతా చెప్తుంటే పూర్తిగా విని, "ఏటమ్మా, తేదీలు పెడితే ఫైలు తేదీల కోసమే తిరుగుతుంది. గడువు రేపనగా ఇవాళ ఒక క్వెరీ రాసి వెనక్కి పంపుతారు. మళ్లీ వచ్చాక కొత్త తేదీ. నీ పట్టిక శుభ్రంగా కనిపిస్తుంది, పేరు మాత్రం అక్కడే ఉంటుంది" అన్నారు. తర్వాత గన్‌పౌడర్ అనే పొడి వేసుకుని నెయ్యి కోసం వెయిటర్‌ను పిలిచారు. దానికి నా దగ్గర గట్టి జవాబు ఇప్పటికీ లేదు. క్వెరీ రాయాలంటే ఏదో ఒక ప్రశ్న రాయాలి కదా, ఊరికే ఉండటం కంటే అదే నయం కదా అని మాత్రం అనుకుంటాను. ఆయన నవ్వుతారు, తెలుసు.

కారణాలు ఎందుకు వద్దంటున్నానంటే, ఆకాశరామన్న వల్ల. నేను చూసిన కొద్ది కాగితాల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టినవి ఫిర్యాదు ఉత్తరాలు. డాక్‌లో వచ్చినవాటిని రాష్ట్రాలవారీగా వేరు చేసే పని ఒక రోజు నాది. సంతకం ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ. ఒక మనిషికి పెద్ద పదవి వస్తోందని వాసన తగిలితే చాలు, పాతికేళ్ల నాటి ఆస్తి తగాదా నుంచి ఇంటి వంటమనిషి జీతం దాకా అన్నీ రాసేస్తారు. వాటిలో నూటికి ఒకటి నిజం కావచ్చు. ఆ ఒకటి దొరకడానికే రహస్యం కావాలి, సమయం కావాలి. అది నేను ఒప్పుకుంటాను. మొదట్లో కొలీజియం తీర్మానాల్లో ఫలానావారు ఎందుకు తగరో కూడా రాసేవారు. మర్నాడు ఆ వకీలు ఏ మొహం పెట్టుకుని కోర్టుకు వెళ్లాలి? ఆ రాయడం తర్వాత తగ్గిపోయింది, తగ్గడమే మంచిదైంది. ఇంగ్లండ్‌లో 2006 నుంచి కమిషన్ ఉంది, ఖాళీ పడితే ప్రకటన ఇస్తారు, దరఖాస్తు పెట్టుకుంటారు, రాకపోతే ఇంకోసారి పెట్టుకుంటారు. అక్కడ అడగడం తప్పు కాదు కాబట్టి రాకపోవడం అవమానం కాదు. మన దగ్గర ఎవరూ అడగకూడదు, అడిగితే అదే అనర్హత. ఎవరో వచ్చి "మీ సమ్మతి ఇస్తారా" అనాలి. ఆ మర్యాద అంతా పాటించి సమ్మతి ఇచ్చిన మనిషికి తిరిగి ఒక తేదీ ఇచ్చే మర్యాద మాత్రం లేదు.

ఇంకో గడి గురించి చెప్పకపోతే ఈ వ్యాసం మోసం అవుతుంది. 2018 నుంచి, పేరు వెళ్లేటప్పుడు అభ్యర్థి నింపే ఫారంలో సామాజిక నేపథ్యం రాయమంటున్నారు. ఆ నాలుగైదేళ్లలో హైకోర్టులకు వచ్చినవాళ్లలో దాదాపు 79 శాతం జనరల్ కేటగిరీ అని ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఎస్సీలు, ఎస్టీలు కలిపినా వందకు ఐదుగురు లేరు. ఫారంలో వృత్తి ఆదాయం అడుగుతారు, రిపోర్టయిన తీర్పులు ఎన్నో అడుగుతారు. "మన తెనాలి బార్లో ఆ రెండు గడులు ఎవరు నింపగలరే?" అని నాన్న అడిగాడు. తేదీలు పెడితే ఇది మారదు. నా చిన్న పరిష్కారం తీర్చలేని పెద్ద రోగాలున్నాయి, తెలుసు.

2025 మే పట్టిక

2025 మే 5న సుప్రీంకోర్టు ఒక పట్టిక బయటపెట్టింది. 2022 నవంబరు 9 నుంచి హైకోర్టులకు ఆమోదించిన పేర్లు, బార్ నుంచా సర్వీసు నుంచా, ఏ కేటగిరీ, జడ్జీలెవరితోనైనా బంధుత్వముందా, కొలీజియం చెప్పిన తేదీ, నోటిఫికేషన్ తేదీ. నా ఇంటర్న్‌షిప్ నెల కూడా అందులోకి వచ్చేస్తుంది. మధ్యలో ఏ బల్ల మీద ఎన్నాళ్లన్నది లేదు. అయినా నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువే ఇచ్చారు.

ఆ వారం అందరూ బంధుత్వాల గడి మీదే పడ్డారు. టీవీల వాళ్లు లెక్కపెట్టారు, మా ఆఫీసులో జూనియర్లమూ లెక్కపెట్టాం. ఎవరి బావమరిది ఎవరని హైకోర్టు క్యాంటీన్ మోగిపోయింది. తెనాలి వెళ్లినప్పుడు ఆ పట్టిక ఫోన్లో నాన్నకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని బంధుత్వాల గడి వైపు చూడను కూడా చూడలేదు. పాత కాజ్ లిస్టు ఒకటి వెనక్కి తిప్పి, పెన్సిల్‌తో రెండు తేదీలూ ఒకదాని కింద ఒకటి వేసుకుని రోజులు తీసివేయడం మొదలుపెట్టాడు. ఇరవై మూడు. నలభై ఒకటి. నూట తొంభై చిల్లర. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను, రెండు బీరువాల మధ్య నేను చేసిన పనే.

కొన్ని పేర్లయ్యాక పెన్సిల్ ఆగింది. ఆ వరసలో మొదటి తేదీ ఉంది. రెండోది లేదు.

"దీన్ని దేంట్లోంచి తీసెయ్యాలే?" అన్నాడు.